తెరచాటు: హీరో వీపు కాసే మనిషి

సినిమా మొదలవుతుంది. పాత్రలు రాకముందే, కథ కదలకముందే, తెరమీద ఓ ఆట. సెట్టింగు కాదు, నిజంగా జరిగిన ఆట తాలూకు ఫిల్ము. వెనకనుంచి సాండ్రా బుల్లక్ గొంతు తీరిగ్గా సెకన్లు లెక్కపెడుతూ ఉంటుంది. బంతి ఒకడి చేతిలోంచి ఇంకొకడి చేతికి వెళ్ళి, మళ్ళీ మొదటివాడి దగ్గరికే వస్తుంది. వాడు దూరంగా విసరడానికి తనవాళ్ళెవరైనా ఖాళీగా దొరుకుతారా అని చూస్తుంటాడు. లెక్క అయిదుకి చేరేలోపు, అతను చూడని వైపునుంచి ఓ కొండలాంటి మనిషి వచ్చి మీద పడతాడు. కాలు విరుగుతుంది. మామూలుగా విరగడం కాదు, ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది.

2009లో వచ్చిన 'ది బ్లైండ్ సైడ్' మొదలు అది. సాండ్రా బుల్లక్‌కి 2010లో ఉత్తమ నటి ఆస్కార్ తెచ్చిపెట్టిన సినిమా. సుమారు 3 కోట్ల డాలర్లతో తీస్తే 30 కోట్లకు పైగా వసూలు చేసింది. అంటే రూపాయి పెడితే పది రూపాయలన్నమాట. మన బయ్యర్లు వింటే కళ్ళకద్దుకుంటారు.

కాలు విరిగిన మనిషి పేరు జో థైస్‌మన్. వాషింగ్టన్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్. విరగ్గొట్టినవాడు న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు లారెన్స్ టేలర్. 1985 నవంబరు 18, సోమవారం రాత్రి, అమెరికా అంతా టీవీల ముందు కూచున్న వేళ జరిగింది. థైస్‌మన్ మళ్ళీ ఆడలేదు. పడేసినవాడికే ముందు గుండె జారింది కాబోలు, గబగబా చేతులూపి డాక్టర్లని పిలిచింది ఆ టేలరే!

ఇంతకీ సినిమా పత్రికలో ఈ ఫుట్‌బాల్ గొడవ ఎందుకంటారా? ఇది బంతి పట్టుకున్నవాడి కథ కాదు కాబట్టి. వాడి వీపు కాచేవాడి కథ. డూపుల గురించీ, ఫైటర్ల గురించీ, లైట్ బాయ్‌ల గురించీ శ్రద్ధగా చదివే పాఠకులకి ఈ మనిషి కొత్తవాడేం కాదు.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అమెరికా వాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనం స్కూలు గ్రౌండులో ఆడిన ఫుట్‌బాల్ కాదు. అందులో కాలికి పని తక్కువ, చేతికీ భుజానికీ పని ఎక్కువ. ఒక్కో జట్టుకి పదకొండు మంది. బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ముందు వరసలో అయిదుగురు అడ్డుగోడలా నిలబడతారు. మధ్యలో ఉండేవాడు సెంటర్. అతనికి అటూ ఇటూ ఇద్దరు గార్డ్‌లు. ఆ చివరా ఈ చివరా ఇద్దరు టాకిల్‌లు. ఈ అయిదుగురినీ కలిపి అఫెన్సివ్ లైన్ అంటారు. సెంటర్ బంతిని కాళ్ళ సందులోంచి వెనక్కి అందిస్తే క్వార్టర్‌బ్యాక్ అందుకుంటాడు. ఇక అతను హీరో. విసురుతాడు, పరిగెత్తేవాడికి అందిస్తాడు, చప్పట్లు కొట్టించుకుంటాడు. ఈ అయిదుగురూ ఎదుటి జట్టు వాళ్ళని అతని మీద పడకుండా అడ్డుకుంటారు. మామూలుగా ముందుకి విసిరిన బంతిని వీళ్ళు పట్టుకోకూడదు, చట్టం ఒప్పుకోదు. వీళ్ళ పేర కొలవడానికి గజాలూ ఉండవు, గోల్సూ ఉండవు. మరి స్టేడియంలో వీళ్ళ ఊసు ఎప్పుడు వినిపిస్తుందయ్యా అంటే, తప్పు చేసినప్పుడు. ఎదుటివాణ్ణి చేత్తో పట్టి ఆపితే 'హోల్డింగ్' అని రిఫరీ మైకులో నంబరు చదివి మరీ చెబుతాడు. పది గజాలు వెనక్కి. పేరు కూడా కాదు, నంబరు!

మన భారతంలో ఒక పాత మాట ఉంది, చక్రరక్షకులు అని. కురుక్షేత్రంలో అర్జునుడి రథానికి ఎడమ చక్రం కాసినవాడు యుధామన్యుడు, కుడి చక్రం కాసినవాడు ఉత్తమౌజుడు. ఇద్దరూ పాంచాలురే. పద్ధెనిమిది రోజులు రథాన్ని కాచి, చివరికి రాత్రిపూట శిబిరంలో అశ్వత్థామ చేతిలో చచ్చిపోయారు. మన పౌరాణిక చిత్రాల్లో కృష్ణుడి కిరీటం మీద నెమలి ఈకకి ఉన్న ఫుటేజీలో పదో వంతైనా వీళ్ళకి దక్కిందా? నేను చూసినంతవరకు లేదు. అమెరికా ఆటలో వీళ్ళ పని మొదట్లో ఎలా ఉండేది, తర్వాత ఎలా మారింది అన్నదే ఈ వారం కబురు.

మొదట్లో అసలు ఈ పని విడిగా ఉండేదే కాదు. బంతి తమదైనప్పుడూ ఎదుటివాళ్ళదైనప్పుడూ అదే పదకొండు మంది. పొద్దున హీరో వేషం, సాయంత్రం విలన్ వేషం వేసినట్టు. 1920లలో కాలిఫోర్నియాలో యూఎస్‌సీ అనే విశ్వవిద్యాలయం జట్టులో మారియన్ మారిసన్ అనే కుర్రాడు టాకిల్‌గా ఆడేవాడు. ఆటకోసం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద చదువు. సముద్రపు అలల మీద ఈదబోయి భుజం దెబ్బతీసుకున్నాడు, స్కాలర్‌షిప్ పోయింది. ఫాక్స్ స్టూడియోలో సామాన్లు మోసే పనిలో చేరాడు. అక్కడ డైరెక్టర్ జాన్ ఫోర్డ్ కంటపడ్డాడు. తర్వాత లోకం అతన్ని పిలిచిన పేరు జాన్ వేన్. అదే యూనివర్సిటీ జట్టులో టాకిల్‌గా ఆడిన వార్డ్ బాండ్ కూడా ఫోర్డ్ సినిమాల్లో స్థిరపడ్డాడు. 1929లో వచ్చిన 'సెల్యూట్' అనే ఫుట్‌బాల్ సినిమాలో ఇద్దరూ కనిపిస్తారు. ఒకడు హీరో అయ్యాడు, ఇంకొకడు జీవితమంతా హీరో పక్కన నిలబడ్డాడు. లైన్‌లో ఉన్నప్పుడు మాత్రం ఇద్దరిదీ ఒకటే పని.

ప్రొఫెషనల్ ఆటలో కూడా ఆ రోజుల్లో లైన్‌మన్‌కి గౌరవం ఇప్పటికన్నా ఎక్కువేనేమో అనిపిస్తుంది. 1938లో లీగ్ అత్యంత విలువైన ఆటగాడు ఎవరో తెలుసా? న్యూయార్క్ జెయింట్స్ సెంటర్ మెల్ హైన్. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళు 1957 నుంచి ఇస్తున్న బహుమతిని ఇంతవరకూ ఒక్క అఫెన్సివ్ లైన్‌మన్‌కీ ఇవ్వలేదు.

1950లో చట్టం మారింది. ఎంతమందినైనా ఎప్పుడైనా మార్చుకోవచ్చన్నారు. దాంతో బంతి మనదైనప్పుడు ఒక దళం, వాళ్ళదైనప్పుడు ఇంకో దళం. అడ్డుకోవడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి అప్పుడు పుట్టాడు. 1957లో బాల్టిమోర్ కోల్ట్స్ జట్టు జిమ్ పార్కర్ అనే నల్లజాతి యువకుణ్ణి తెచ్చుకుని జానీ యునైటస్ అనే క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా పెట్టింది. 270 పౌండ్ల పైచిలుకు మనిషి. ఆ రోజుల్లో అది ఏనుగు కింద లెక్క. కొన్నేళ్ళు టాకిల్, కొన్నేళ్ళు గార్డ్. 1973లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. అడ్డుకునే పని ఒక్కటే చేసి ఆ గుడి మెట్లెక్కిన మొదటి మనిషి అతనే.

ఇక్కడో చిన్న పిట్టకథ. ఇది టీవీకీ కెమేరాకీ సంబంధించింది కాబట్టి మనకి ముఖ్యం.

1960లలో గ్రీన్‌బే ప్యాకర్స్ కోచ్ విన్స్ లొంబార్డీకి ఒక ఇష్టమైన ఎత్తు ఉండేది. దాని పేరు స్వీప్. గార్డ్‌లు ఇద్దరూ తమ చోటు వదిలి, పక్కకి పరిగెత్తి, బంతి పట్టుకున్నవాడికి దారి చేస్తారు. అంటే గార్డ్ అనేవాడు గోడ మాత్రమే కాదు, నాగలి కూడా. ఆ ఇద్దరిలో ఒకడు జెర్రీ క్రేమర్, బరువు సుమారు 245 పౌండ్లు. 1967 డిసెంబరు 31న డాలస్‌తో చాంపియన్‌షిప్ ఆట. చలి సున్నాకి పాతిక డిగ్రీలు దిగువ. పదహారు సెకన్లు మిగిలి ఉన్నాయి, గజం దూరం కూడా లేదు. క్రేమర్ ఎదుటివాణ్ణి నెట్టాడు, వెనకాలే క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ దూరి పడ్డాడు. 21-17. టీవీవాళ్ళు ఆ దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ, మెల్లగా తిప్పి చూపించారు. బంతి ఎవరి చేతిలో ఉందో కాదు, దారి ఎవరు చేశారో జనం మొదటిసారి సరిగ్గా చూశారు. మరుసటి ఏడు క్రేమర్ డైరీ పుస్తకంగా వచ్చింది. పేరు 'ఇన్‌స్టంట్ రీప్లే'. అంటే కెమేరా దయవల్ల ఒక గార్డ్ స్టారయ్యాడు! అయినా హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు అతనికి తెరుచుకున్నది 2018లో. యాభై ఏళ్ళు గుమ్మంలో నిలబెట్టారు పాపం.

1973లో ఓ.జె. సింప్సన్ ఒక్క సీజన్‌లో రెండు వేల గజాలు పరిగెత్తి రికార్డు కొట్టాడు. ఆ సింప్సనే, తర్వాత 'నేకెడ్ గన్' కామెడీల్లో వేషాలు వేసి, ఆ తర్వాత హత్య కేసులో టీవీ తెరలన్నీ ఆక్రమించినవాడు. ఆ రోజు మటుకు అతనొక మంచి పని చేశాడు. విలేఖరుల ముందుకి తను ఒక్కడూ రాలేదు, తన ముందు నిలబడ్డ వాళ్ళందర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు.

అప్పటిదాకా లైన్‌మన్ పరిస్థితి ఏమిటంటే, చేతులు గుండెకి దగ్గరగా ముడుచుకుని, భుజంతో, మోచేత్తో, తలతో అడ్డుకోవాలి. చెయ్యి చాచకూడదు. ఎదుటివాడికి మాత్రం హెల్మెట్ మీద ఫెడీమని చరిచే హక్కుంది. రామ్స్ జట్టు డీకన్ జోన్స్ ఆ చరుపుకి పెట్టింది పేరు. 1977లో ఆ చరుపు నిషేధించారు. 1978లో లైన్‌మన్ చేతులు చాచవచ్చు, అరచేతులు విప్పవచ్చు అన్నారు. వినడానికి చిన్న సవరణే. కానీ ఆట మొత్తం దానిమీదే తిరిగింది. చేతులు చాచవచ్చంటే పొడుగు చేతులవాడికి గిరాకీ. వెనక్కి నడుస్తూ అడ్డుకోవాలంటే బరువుతోపాటు కాళ్ళ చలాకీతనం ఉండాలి. బంతి విసరడం తేలికైంది, కాబట్టి విసిరేవాడి ధర పెరిగింది, కాబట్టి విసిరేవాణ్ణి పడగొట్టేవాడి ధర పెరిగింది. 1982 నుంచి ఆ పడగొట్టడాన్ని 'సాక్' అని అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కాపలాదారుడికి మాత్రం అప్పుడూ లెక్క లేదు.

ఇక వచ్చాడు లారెన్స్ టేలర్, 1981లో. పెద్దపులి పరుగు, ఎద్దు బలం. టేలర్ వచ్చేది ఎక్కువగా క్వార్టర్‌బ్యాక్‌కి ఎడమపక్కనుంచి. కుడిచేత్తో విసిరేవాడు చెయ్యి వెనక్కి లాగినప్పుడు ఒళ్ళు కుడివైపు తిరుగుతుంది, ఎడమపక్క కనపడదు. అదే బ్లైండ్ సైడ్. మొదట్లో టేలర్‌ని ఆపే పని పరిగెత్తే ఆటగాళ్ళకి అప్పజెప్పేవారు. అతనికి వాళ్ళు చిలగడదుంపలు. 1982 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో కోచ్ బిల్ వాల్ష్ ఒక ఉపాయం పన్నాడు. గార్డ్ జాన్ ఎయర్స్‌ని వెనక్కి దింపి టేలర్ వచ్చే దారిలో నిలబెట్టాడు. ఆట 38-24తో నెగ్గారు, ఆ ఏడు సూపర్ బౌల్ కూడా వాళ్ళదే. అయితే గార్డ్ అటు వెళ్తే అతని అసలు చోటు ఖాళీ అవుతుందిగా! కాబట్టి ఇలాంటి పులిని ఒంటరిగా ఆపే మనిషి కావాలి, ఎడమ చివర. అతనే లెఫ్ట్ టాకిల్.

సిన్సినాటిలో అలాంటివాడు అప్పటికే ఒకడున్నాడు, ఆంథనీ మునోజ్. ఇప్పటికీ అతన్ని మించినవాడు లేడనేవాళ్ళు చాలామంది. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి అదనపు సమాచారం: 1983లో వచ్చిన వ్యోమగాముల సినిమా 'ది రైట్ స్టఫ్'లో ఆస్పత్రి సేవకుడి వేషంలో కనిపించే ఆజానుబాహువు అతనే.

అదే రోజుల్లో వాషింగ్టన్ లైన్‌కి వాళ్ళ కోచ్ జో బ్యూగెల్ ముద్దుగా 'హాగ్స్', అంటే పందులు అని పేరు పెట్టాడు. తిట్టు అనుకుంటారేమో, వాళ్ళు దాన్ని బిరుదు చేసుకున్నారు. 1983 జనవరి సూపర్ బౌల్‌లో వాళ్ళ వెనకాల జాన్ రిగ్గిన్స్ 166 గజాలు పరిగెత్తాడు. అభిమానులు ప్లాస్టిక్ పంది ముట్టెలు తగిలించుకుని స్టేడియానికి వచ్చేవారు. మన ఊళ్ళో అభిమాన సంఘాలవాళ్ళు ఇంతదాకా వెళ్ళలేదు సుమండీ. ఆ గోడ అంత గొప్పదైనా, మూడేళ్ళు తిరక్కుండానే థైస్‌మన్ కాలు విరిగింది.

డబ్బు సంగతి చెబుతాను, అది లేకపోతే ఏ కథా పూర్తి కాదు. 1993లో ఆటగాళ్ళకి జట్టు మారే స్వేచ్ఛ వచ్చింది. బఫలో జట్టు లెఫ్ట్ టాకిల్ విల్ వుల్‌ఫర్డ్‌కి ఇండియానాపోలిస్ వాళ్ళు మూడేళ్ళకి 76 లక్షల డాలర్ల పైచిలుకు ఇస్తామన్నారు. దానికో మెలిక. జట్టులో బంతి ఆడే దళం మొత్తంలో అందరికన్నా ఎక్కువ జీతం ఇతనికే ఉండాలి. బఫలో తన క్వార్టర్‌బ్యాక్ జిమ్ కెల్లీకి భారీగా ఇస్తోంది. కాపలాదారుడికి అంతకుమించి ఇవ్వగలదా? వదులుకుంది. అలాంటి మెలికలు ఇకమీదట కుదరవని లీగ్ తర్వాత తీర్మానించింది, కానీ రహస్యం బయటపడిపోయింది. హీరో వీపు కాసేవాడి విలువ హీరో విలువతో ముడిపడి ఉందని లెక్కల పుస్తకంలోకి ఎక్కింది. 1996లో బాల్టిమోర్ రేవెన్స్ తన చరిత్రలో మొట్టమొదటి ఆటగాడిగా ఎంచుకున్నది జొనాథన్ ఆగ్డెన్‌ని. లెఫ్ట్ టాకిల్, ఆరడుగుల తొమ్మిదంగుళాలు. మరుసటి ఏడు దేశం మొత్తంమీద మొదటి ఎంపిక ఆర్లాండో పేస్. అతనూ అదే చోటు.

అయితే అందరూ కొండలే కావాలనుకోలేదు. డెన్వర్‌లో అలెక్స్ గిబ్స్ అనే కోచ్ చిన్న ఒళ్ళూ చురుకు కాళ్ళూ ఉన్నవాళ్ళని ఏరి, అయిదుగురినీ ఒకేసారి ఒకే వైపు కదిపేవాడు, గ్రూప్ డాన్సులో వరస కదిలినట్టు. 1998లో వాళ్ళ వెనకాల టెరెల్ డేవిస్ రెండు వేల గజాలు దాటాడు. దీనికి పూర్తిగా ఎదురు 1990ల డాలస్ గోడ. నేట్ న్యూటన్, లారీ ఆలెన్ లాంటి భారీ మనుషులు. ఎమిట్ స్మిత్ పరుగుల రికార్డులో వాళ్ళ చెమట వాటా పెద్దది. ఈ మాట ఇక్కడ ఎందుకంటే, డాలస్ జట్టు కార్యాలయం 2016 నుంచి ఫ్రిస్కోలో ఉంది. ఫ్రిస్కో, ఇర్వింగ్ పేర్లు ఇప్పుడు మనకి తెనాలి, తణుకు అంత పరిచయం కదా! అక్కడున్న మన తెలుగు పిల్లలకి ఆదివారం వస్తే ఈ నీలం వెండి రంగుల చొక్కాలే. ఇంట్లో నాన్నగారికి మటుకు ఆట మధ్యలో ఎందుకు ఆగుతుందో ఇప్పటికీ అర్థం కాదు.

ఇక మన సినిమాకి వద్దాం. రచయిత మైకేల్ లూయిస్ 2006లో ఈ లెఫ్ట్ టాకిల్ పుట్టుక గురించి పుస్తకం రాశాడు. పేరు అదే, 'ది బ్లైండ్ సైడ్'. సగం ఆట చరిత్ర, సగం మైకేల్ ఓర్ అనే కుర్రాడి కథ. మెంఫిస్‌లో దిక్కులేని పిల్లవాడు, డబ్బున్న తెల్లవాళ్ళ ఇంట్లో చోటు దొరికి, లెఫ్ట్ టాకిల్ అయ్యాడు. డైరెక్టర్ జాన్ లీ హాంకాక్ ఆట చరిత్రను మొదటి రెండు నిమిషాల్లో సర్దేసి, మిగిలిందంతా ఆ ఇంటి ఇల్లాలి కథ చేశాడు. వ్యాపారం తెలిసిన పని. నిక్ సేబన్, లూ హోల్ట్జ్ లాంటి అసలు కోచ్‌లు తమ వేషాలు తామే వేసి ముచ్చట పడ్డారు కూడా.

కానీ ఓర్‌గా వేసిన క్వింటన్ ఆరన్‌కి డైరెక్టర్ ఇచ్చిన పాత్ర చూడండి. ఆట ఏమిటో తెలియని అమాయకుడు. ఆవిడ మైదానంలోకి దిగి, నీ జట్టును నీ కుటుంబం అనుకో అని చెబితే అప్పుడు తెలుస్తుంది. ఆవిడ చిన్నకొడుకు వంటింటి సీసాలు పేర్చి ఎత్తులు నేర్పుతాడు. అసలు ఓర్ చిన్నప్పటినుంచీ ఆట చూసి, శ్రద్ధగా నేర్చుకున్నవాడు. 2011లో తన పుస్తకంలో ఈ మాటే చెప్పుకున్నాడు, తనని తెలివితక్కువవాడిగా చూపించారని బాధపడ్డాడు. ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. లైన్‌మన్ పని బుర్రతో చేసేది. ఎదురుగా ఉన్నవాడు పాదం ఏ కోణంలో పెట్టాడు, పక్కవాడు ఎటు చూస్తున్నాడు, వెనకనుంచి మూడోవాడు దూకుతాడా, ఇదంతా రెండు సెకన్లలో తేల్చుకోవాలి. బలవంతుడంటే మొద్దు అనే పాత సినిమా సూత్రం ఆ సినిమాలో మళ్ళీ పనిచేసింది. సాండ్రా బుల్లక్ బాగా చేసింది, కాదనను. ఆవిడ బాగుండడం కోసం ఆ కుర్రాణ్ణి తగ్గించారు.

అసలు తమాషా ఇంకా ఉంది. ఓర్ 2009లో బాల్టిమోర్‌లో చేరాడు. సినిమా అతన్ని లెఫ్ట్ టాకిల్ అని చాటితే, అక్కడ ఎక్కువ ఆటలు ఆడింది కుడి చివర! 2013లో సూపర్ బౌల్ నెగ్గినప్పుడు కూడా కుడివైపే. తర్వాత కరొలైనా జట్టుకి వెళ్ళాక లెఫ్ట్ టాకిల్ చోటు దొరికింది. 2016 ఫిబ్రవరి 7, యాభయ్యో సూపర్ బౌల్. ఓర్ ఎడమపక్క కాస్తున్నాడు. డెన్వర్ ఆటగాడు వాన్ మిల్లర్ ఎటునుంచి వచ్చాడు? కుడిపక్కనుంచి. క్వార్టర్‌బ్యాక్ కామ్ న్యూటన్ చేతిలో బంతిని ఊడబెరికాడు, అది గోల్ గీత లోపల పడి డెన్వర్‌కి పాయింట్లయింది. నాలుగో భాగంలో మళ్ళీ అదే కుడిపక్క, మళ్ళీ మిల్లర్. 24-10. కనపడని వైపు కాపలా పెట్టుకుంటే, దొంగ కనపడే వైపునుంచే వచ్చాడు!

ఆట అలా మారిపోయింది మరి. ఇప్పుడు క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కి ఆనుకుని నిలబడడం తక్కువ, నాలుగయిదు గజాలు వెనక 'షాట్‌గన్'లో నిలబడతాడు. 1975లో డాలస్ కోచ్ టామ్ లాండ్రీ మళ్ళీ బయటికి తీసిన పద్ధతి అది. వెనక నిలబడితే రెండుపక్కలా కొంత కనిపిస్తుంది, బంతీ త్వరగా చేతిలోంచి వెళ్ళిపోతుంది. దాంతో దూకేవాళ్ళు కూడా ఎటు బలహీనంగా ఉందో అటు మారి నిలబడుతున్నారు. మిల్లర్ చేసింది అదే. ఇక ఆరన్ డొనాల్డ్ లాంటివాడు పక్కనుంచి కాదు, నడిమధ్యనుంచి చొచ్చుకొచ్చేవాడు. 2017, 2018, 2020లో మూడుసార్లు ఉత్తమ రక్షకుడి బహుమతి అతనిదే. మధ్యనుంచి వచ్చేవాణ్ణి ఆపేది గార్డ్, సెంటర్. అంటే ఎడమ చివరివాడి ఒక్కడి చుట్టూ కట్టిన సిద్ధాంతం పలచబడింది. 2024 ఏప్రిల్‌లో డెట్రాయిట్ జట్టు పెనై సూయల్‌కి నాలుగేళ్ళకి 11 కోట్ల 20 లక్షల డాలర్లు రాసిచ్చింది. ఆ రోజుకి అఫెన్సివ్ లైన్‌లో ఏడాది సగటు చూస్తే అదే పెద్ద మొత్తం. అతను రైట్ టాకిల్! అదే ఏడు మార్చిలో ఫిలడెల్ఫియా గార్డ్ లాండన్ డికర్సన్‌కి ఏడాదికి సగటున 2 కోట్ల 10 లక్షల లెక్కన ఒప్పందం కుదిరింది.

ఆ ఫిలడెల్ఫియా లైన్‌లో లెఫ్ట్ టాకిల్ జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియా రగ్బీ కుర్రాడు. 2018లో చిట్టచివరి రౌండులో తీసుకునేనాటికి ఒక్క ఫుట్‌బాల్ ఆట కూడా ఆడలేదు. సుమారు 165 కిలోల మనిషి. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలుపు పంచుకున్నాడు.

ఇంత డబ్బు విన్నాక ఇంకో సినిమా గుర్తుచేయకపోతే అన్యాయం. 2015లో వచ్చిన 'కంకషన్'. విల్ స్మిత్ హీరో. పిట్స్‌బర్గ్ సెంటర్ మైక్ వెబ్‌స్టర్‌గా డేవిడ్ మోర్స్ వేశాడు. వెబ్‌స్టర్ 1974 నుంచి 1990 దాకా ఆడాడు, నాలుగు సూపర్ బౌల్‌లు నెగ్గిన జట్టులో నడిమి స్తంభం. బంతి వెనక్కి అందించిన మరుక్షణం తలకి తల తగలడం సెంటర్ వృత్తి. ఒక ఆటలో కొన్ని పదులసార్లు, పదిహేడేళ్ళు. మతి చెదిరింది, సంసారం చెదిరింది, కొన్నాళ్ళు తన ట్రక్కులోనే పడుకున్నాడు. 2002 సెప్టెంబరులో యాభయ్యేళ్ళకి పోయాడు. నైజీరియానుంచి వచ్చిన డాక్టర్ బెనెట్ ఒమాలు ఆ మెదడును పరీక్షించి, దెబ్బలవల్ల వచ్చిన సీటీఈ అనే జబ్బు ఉందని 2005లో ప్రకటించాడు. లీగ్ మొదట కొట్టిపారేసింది. తర్వాత మాజీ ఆటగాళ్ళు వేల సంఖ్యలో కోర్టుకెక్కితే సుమారు వంద కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది, 2015లో కోర్టు దాన్ని ఆమోదించింది.

మైకేల్ ఓర్ కూడా కోర్టుకి వెళ్ళాడు, 2023 ఆగస్టులో. తనని ఆ కుటుంబం దత్తత తీసుకోనే లేదనీ, పద్ధెనిమిదేళ్ళు నిండాక 2004లో సంరక్షకత్వం అనే కాగితం మీద సంతకం పెట్టించి తన పేరు మీద లాభపడ్డారనీ ఫిర్యాదు. ఆ కుటుంబం కాదంది, సినిమా డబ్బు అందరితో సమానంగా పంచామంది. సెప్టెంబరు నెలాఖరులో జడ్జి ఆ సంరక్షకత్వాన్ని రద్దు చేసింది. సినిమాలో దత్తత అన్న సీన్లకి మనం తుడుచుకున్న కన్నీళ్ళ మాటేమిటో మరి!

రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో లైన్‌మన్ కథ ఇల్లాలిది, ఇంకోదాంట్లో డాక్టరుది. లైన్‌మనే హీరో అయిన సినిమా కావాలంటే 2023లో వచ్చిన డాక్యుమెంటరీ 'కెల్సీ' చూడాలి. ఫిలడెల్ఫియా సెంటర్ జేసన్ కెల్సీ అందులో నాయకుడు. ఆరో రౌండులో, 'వీడు ఈ పనికి పొట్టి' అన్నట్టు దొరికిన మనిషి. సీజన్ అంతా ఆపుదామా ఆడదామా అని ఊగిసలాట, చివర 2023 సూపర్ బౌల్‌లో ఎదుటి జట్టులో సొంత తమ్ముడు ట్రావిస్. ట్రావిస్ అంటే టేలర్ స్విఫ్ట్ పక్కన ఫోటోల్లో కనిపించే అబ్బాయే. 38-35, నెగ్గింది తమ్ముడు. ప్రైమ్ వీడియోలో ఉంచారు. అందులో బంతి కనపడే షాట్లు తక్కువే, ఫిర్యాదు చేయకండి. అన్న 2024 మార్చిలో చేతుల్లేని బనీనుతో విలేఖరుల ముందు కూచుని, వెక్కి వెక్కి ఏడుస్తూ ఆట మానేస్తున్నానని చెప్పాడు. మాట పూర్తి చేయడానికి నలభై నిమిషాలకి పైనే పట్టింది. ఒక సెంటర్‌కి టీవీవాళ్ళు అంతసేపు కెమేరా తిప్పకుండా ఉంచడం నేను అప్పుడే చూశాను.